బైపాస్ మచ్చకు దిగువన



వైద్యులూ రచయితలూ ఒకే పందిరి కింద కూర్చునే సదస్సు రెడ్డిగూడెంలో పెట్టుకుని, దానికి నన్ను అధ్యక్షుణ్ణి చేశారు. మీ అభిమానం. అన్నిటినీ తాకి, దేనిలోనూ దిగకుండా లేచిపోవడం మన సభల్లో అధ్యక్షులకు ఆనవాయితీ. ఇవాళ దాన్ని తప్పుతాను. ఒక్క రక్తనాళం గురించే మాట్లాడతాను.

చాలా ఏళ్ల కిందట ఈ మామిడితోటల వైపు నుంచే ఒక పెద్దాయన నా దగ్గరికి వచ్చాడు. ఛాతీ నడుమ నిలువునా బైపాస్ మచ్చ, వేళ్లకు చుట్ట మరకలు. "గుండె బాగుచేశారు గానీ డాక్టరుగారూ, ఇప్పుడది పొట్టలో కొట్టుకుంటోందండీ" అన్నాడు. పక్కనున్న కొడుకు నవ్వాడు. నేనూ నవ్వాను. గ్యాసుకు మందు రాసి పంపాను. కొన్నాళ్లకు నడుము పట్టేసిందంటూ కూలబడి, ఒళ్లంతా చెమటలు పట్టి, పొట్ట బిర్రబిగిసి, బెజవాడ చేరకముందే దారిలో పోయాడు. కొడుకు వచ్చి చెబుతుంటే నాకు అర్థమైంది. ఆయన మొదటిరోజే జబ్బు పేరు తప్ప అంతా చెప్పాడు. వినంది నేను.

గుండె నుంచి బయలుదేరిన బృహద్ధమని ఛాతీలోంచి దిగి, వెన్నెముకకు ముందుగా పొట్టలోకి వచ్చి, బొడ్డు దగ్గర రెండుగా చీలి కాళ్లకు పోతుంది. పొట్టలో దాని వెడల్పు మామూలుగా 2 సెంటీమీటర్లు. గోడలో సాగే నారలు చివికి అది 3 సెంటీమీటర్లకు చేరితే ధమని బుడగ అంటాం. పాత సైకిలు ట్యూబుకు గాలి కొడితే పలచబడిన చోటే ఉబ్బుతుంది చూడండి, అదే వ్యవహారం. ఉబ్బిన కొద్దీ గోడ మీద లాగుడు పెరుగుతుంది, లాగుడు పెరిగిన కొద్దీ ఇంకా ఉబ్బుతుంది. మామూలుగా నొప్పి ఉండదు. మగవారిలో 5.5, ఆడవారిలో 5 సెంటీమీటర్లకు వచ్చిందంటే మరమ్మతు మాట ఎత్తాలి. పగిలాక నూటికి ఎనభైమంది దక్కరు. పైపు పొగ వదలని ఐన్‌స్టీన్‌కు ఉన్నది ఇదే. 1948లో రుడాల్ఫ్ నిస్సెన్ అనే సర్జన్ ఆ బుడగకు సెల్లోఫేన్ కాగితం చుట్టాడు. ఆరేళ్లకు పైగా గడిచాయి. 1955 ఏప్రిల్‌లో అది పగిలితే ఐన్‌స్టీన్ మళ్లీ కత్తికి ఒప్పుకోలేదు.

మరి బైపాస్ రోగి దగ్గర దీని ప్రసక్తి ఎందుకు? 1967లో క్లీవ్‌లాండ్‌లో ఫవలోరో అనే సర్జన్ కాలి సిరతో దారి మళ్లించి చూపించాడు. 1975లో మద్రాసు పెరంబూరు రైల్వే ఆసుపత్రిలో చెరియన్ గారు మన దేశంలో ఆ ఆపరేషన్ చేశారు. 2007లో ఆరోగ్యశ్రీ వచ్చాక మన మెట్ట రైతుకూ అది అందింది. సంతోషమే. కానీ గుండె ధమనుల్ని పాడుచేసిన పొగ, రక్తపోటు, వయసు అక్కడితో ఆగవు కదా. గుండె జబ్బున్నవాళ్లలో పొట్టలో బుడగ మిగతావాళ్లలో కన్నా ఎక్కువగా దొరుకుతుంది. అన్నిటిలోకీ పొగాకుదే పెద్ద పాపం.

ఇక్కడొక తిరకాసు ఉంది. మధుమేహం గుండె ధమనుల్ని పూడుస్తుంది గానీ, ఈ బుడగ మధుమేహం ఉన్నవాళ్లలో తక్కువ. ఇంగ్లండులో చేసిన పరీక్షల్లో దక్షిణాసియా సంతతి మగవాళ్లలోనూ ఇది తెల్లవాళ్లలో కన్నా బాగా తక్కువగా కనిపించింది. మన బైపాస్ వార్డుల్లో చక్కెర జబ్బువాళ్లు చాలామంది. కాబట్టి తెల్లవాళ్ల లెక్కలు తెచ్చి మనకు అంటించడం తప్పు. మనకు రాదులే అని ఊరుకోవడం అంతకన్నా తప్పు. నా మటుకు నేను అరవై దాటిన, చుట్టో బీడీయో కాల్చిన ప్రతి బైపాస్ రోగికీ పొట్ట స్కాన్ అడుగుతాను. ఇంట్లో తండ్రో అన్నో ఇలా హఠాత్తుగా పోయారంటే వయసు కూడా చూడను.

దీనికి ఖర్చెంత? బైపాస్ ఆపరేషన్‌కు ముందు గుండెకు ఎకో తీస్తూనే ఉన్నారు. ప్రోబును ఛాతీ మీద నుంచి జానెడు కిందికి జరిపితే చాలు, నాలుగు నిమిషాల పని. సర్జన్‌కూ ఇది అవసరమే. గుండె బలహీనపడితే తొడ ధమనిలోంచి బెలూన్ పంపు ఎక్కిస్తారు. అది వెళ్లేది ఈ బుడగ గుండానే. ముందు తెలిస్తే ఆ దారి మానుకుంటారు. బుడగ పెద్దదైతే గుండె ముందా, పొట్ట ముందా అన్నది తీరిగ్గా తేల్చుకుంటారు. 1990లో బ్యూనస్ ఎయిర్స్‌లో పరోడి తొడ దగ్గర నుంచి లోపలికి గొట్టం పంపి బుడగను మూసేసే పద్ధతి చూపాడు కనుక, ఇప్పుడు అందరికీ పొట్ట కొయ్యనక్కరలేదు కూడా. మోకాలి వెనక ధమనిలో బుడగ కనబడితే మాత్రం రెండో కాలూ, పొట్టా తప్పక చూడండి. అవి చాలాసార్లు జతగా ఉంటాయి.

రచయితలకు ఒక మాట. ఇక్కడికి పడమరగా, మునేటి ఒడ్డున పెనుగంచిప్రోలులో 1877లో కొమర్రాజు లక్ష్మణరావు గారు పుట్టారు. 1906లో విజ్ఞాన చంద్రికా మండలి పెట్టి, చరిత్రనూ శాస్త్రాన్నీ తెలుగులో చదివించారు. ఆయన కూతురు డాక్టర్ అచ్చమాంబ బెజవాడలో వైద్యం చేస్తూ ప్రసూతి, శిశుపోషణల మీద తెలుగులో పుస్తకం రాశారు. అదే గడ్డ మీద నా రోగి తన జబ్బుకు పేరు లేక 'పొట్టలో గుండె' అన్నాడు. పేరు లేని జబ్బు మన ఇళ్లలో గ్యాసు కిందికి పోతుంది. 'ధమని బుడగ' నచ్చకపోతే అంతకన్నా మంచి మాట మీరే చెప్పండి, వాడతాను. ఏ మాటైనా ఆసుపత్రి కాగితం మీద తెలుగులో ఉండాలి.

వైద్య మిత్రులకు నా మనవి ఒక్కటే. రేపు ఓపీలో ఛాతీ మీద నిలువు మచ్చతో పొగతాగే మనిషి వస్తే పడుకోబెట్టి, బొడ్డుకు కాస్త పైన అరచెయ్యి ఆనించి చూడండి. సన్నటి మనిషికి మామూలుగానే అక్కడ కొట్టుకోవడం తెలుస్తుంది, కంగారుపడొద్దు. లావాటి మనిషికి చేతికి ఏమీ తెలియకపోవచ్చు, దాంతో ధీమాపడొద్దు. ఇద్దరికీ స్కాన్ రాయండి.