పెనుకొండ యాత్ర

కొండ యెక్కుట పెద్ద విద్య కాదు. కొండమీద మెలగుట యెట్లో తెలియుటయే విద్య. ఆ విద్యను నేను ఆలస్యముగా నేర్చితిని. అది యెట్లు జరిగినదో నేడు విన్నవించెదను.

పుట్టపర్తి ముఖ్యపట్టణముగా 2022 లో ఏర్పడిన శ్రీ సత్యసాయి జిల్లాలో పెనుకొండ కలదు. పెను అనగా గొప్పది. సంస్కృతమున దీనిని ఘనగిరి యందురు. గుంతకల్లునుండి బెంగుళూరునకు రైలులో పోవువారు దీనిని దూరమునుండియే చూతురు; దిగి యెక్కువారు కొందఱే.

కోట ఉత్తరద్వారమున 1354 నాటి శాసనమొకటి యున్నది. బుక్కరాయలు ఈ సీమను తన కుమారుడగు విరూపణ్ణ ఒడయరున కిచ్చెనని దానివలన తెలియుచున్నది. 1565 నాటి యుద్ధమున విజయనగరము పాడుపడగా తిరుమలరాయలు ఇచ్చటనే రాజధాని నిలిపెను. 1589 లో గోలకొండ సేనలు ముట్టడించియు దుర్గమును పట్టలేక మరలిపోయినవి.

దుర్గమునకు రాతిగోడలెంత బలమో, నీరును అంత బలము. అనంతపురపు సీమలో సాలుకు కురియు వాన యించుమించు 55 సెంటీమీటర్లే. ఆ కొద్దిపాటి నీటిని బండలనడుమ దొనలు పట్టి యుంచును. గడ్డియు పొదలును మట్టిని కొట్టుకొని పోనీయక, నీటిని నేలలో నింకించి, దిగువ బావులకు చెరువులకు మెల్లగా నందించును. వేసవిలో ఎవరో పాఱవైచిన చుట్టపీకవలన వాలు కాలిపోయిన, మరుసటి వానకు మట్టి జాఱి చెరువున పూడికయగును. కొండమీది తప్పునకు ఊరు శిక్ష యనుభవించును.

ఇక నా తప్పు. పదునాలుగేండ్ల ప్రాయమున తోడి పిల్లలతో ఈ కొండ యెక్కి, ఒక పాత మండపపు స్తంభముపై మేకుతో నా పేరు చెక్కితిని. మొన్న, ఉద్యోగము మానిన తరువాత, మనుమని చేయి పట్టుకొని మరల నెక్కితిని. అక్షరములు మాసిపోలేదు. వాని చుట్టును మఱి పదిపేరులు చేరియున్నవి. మనుమడు చదివి, "తాతా, ఇది నీ పేరే గదా!" యని సంతోషించెను. నాకు నోట మాట రాలేదు. నలువది యేండ్లు పిల్లలకు అక్షరములు దిద్దించిన చేయి, దిద్దరాని చోట దిద్దినది. చివరకు, "ఔను నాయనా, ఇది నేను చేసిన తప్పు" అంటిని. వాడు తన జేబులోని మేకును తీసి నా చేతిలో పెట్టెను.

ప్రాచీన కట్టడములను కాపాడుటకు 1958 లో చట్టము పుట్టినది, అడవులకును చట్టములున్నవి. కాని కొండపై ప్రతి బండకడ కావలివా డుండడు గదా! పెద్దలయింటికి పోయినట్లు పోవుడు. నిప్పు తీసికొని పోవలదు. తెచ్చిన విస్తరిని, సీసాను తిరిగి దింపుడు. పిల్లలను తప్పక తోడ్కొని పోవుడు; పేరు రాయిపై వ్రాయుటకు గాదు, రాతిపై నున్నది చదువుటకు.