నొప్పి లేని గడ్డ

 

నర్సింగ్ పట్టా అందుకున్న మీలో కొందరికి రేపు పల్నాడులోని వెల్దుర్తి లాంటి మండలంలో ఉద్యోగం రావచ్చు. నల్లమల అంచున మిరప, పత్తి పండించే ఊళ్లు, తండాలు. అక్కడ క్యాన్సర్ మీద అవగాహన కల్పించమంటారు. పోస్టరు అంటించి, మైకులో నాలుగు ముక్కలు చెప్పి వచ్చేయకండి. పల్లెటూరి ఆడమనిషికి తన ఒంటి సంగతి తెలియదని మనకో నమ్మకం. ఆమెకు తెలుసు. స్నానం చేసేటప్పుడు రొమ్ములో గోలీ అంత గడ్డ చేతికి తగిలి ఆర్నెల్లయింది. నొప్పి లేదు గనక ఊరుకుంది. మిరప కోతల రోజుల్లో కూలి వదులుకుని ఆస్పత్రికి పోవాలంటే నొప్పన్నా ఉండాలి, జ్వరమన్నా ఉండాలి. రెండూ లేకపోతే అది జబ్బంటే ఇంట్లో ఎవరు ఒప్పుకుంటారు?

చిక్కంతా అక్కడే. క్యాన్సర్ మొదట్లో చాలాసార్లు నొప్పి పెట్టదు. అడగాల్సిన గుర్తులు వేరే ఉన్నాయి. ముట్లుడిగాక మళ్లీ ఎర్రబట్ట కనిపించడం, వాసనతో తెల్లబట్ట, రెండు మూడు వారాలైనా మానని నోటిపుండు, బుగ్గ లోపల తెల్లమచ్చ, తగ్గని బొంగురు గొంతు, ముద్ద దిగకపోవడం... ఇవన్నీ క్యాన్సరే కానక్కర్లేదు, చాలావరకు కాదు కూడా. ఆ మాట ముందే చెప్పండి. లేకపోతే హడలిపోయి అసలే రారు. గుట్కా నమిలే కుర్రాణ్ణి నోరు తెరిచి తన మూడు వేళ్లు నిలువుగా పెట్టుకోమనండి. పట్టకపోతే వదలొద్దు, డాక్టరుకు చూపించండి.

ఊళ్లలోకి వెళ్లి చూస్తే ఏం తేలుతుందో చెబుతాను. శ్రీకాకుళం పల్లెల్లో నిప్పు నోట్లో ఉండేలా చుట్ట తాగే అడ్డపొగ అలవాటు వినే ఉంటారు. డెన్మార్క్ దంతవైద్యుడు పిండ్‌బోర్గ్, మన దేశపు పరిశోధకులు కలిసి 10,169 మంది నోళ్లు పరీక్షించి, ఆ పొగ వల్ల అంగిలి మీద వచ్చే మచ్చల సంగతి 1971లో ప్రచురించారు. మహారాష్ట్రలోని బార్షీ ప్రాంతంలో 1987లో టాటా మెమోరియల్ వాళ్లు గ్రామీణ క్యాన్సర్ రిజిస్ట్రీ పెట్టారు. కార్యకర్తలు ఊరూరా తిరిగి, లక్షణాలు చెప్పి, అనుమానం ఉన్నవాళ్లను ఆస్పత్రికి పంపారు. కొన్నేళ్లకే గర్భాశయ ముఖద్వార క్యాన్సర్లు ముందు దశలో బయటపడటం పెరిగింది. పెద్ద యంత్రాలేమీ లేవు. మనిషి వెళ్లి అడగడమే.

మన ప్రభుత్వ కార్యక్రమాల్లోనూ 30 ఏళ్లు దాటినవాళ్లకు నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వారం పరీక్షలున్నాయి. కానీ ట్యాబ్‌లో ‘లేదు’ నొక్కడం బహు తేలిక. అరుగు మీద మామగారు కూర్చుని ఉండగా "తెల్లబట్ట అవుతోందా?" అంటే ఏ కోడలైనా లేదనే అంటుంది. ఆ ‘లేదు’తోనే మన రికార్డులు నిండిపోతున్నాయని నా అనుమానం. "అక్కా, కాసిన్ని మంచినీళ్లు ఇస్తావా" అంటూ లోపలికి వెళ్లి, అక్కడ అడగండి.

గుంటూరు పెద్దాసుపత్రిలో నాట్కో క్యాన్సర్ కేంద్రం ఉంది. పేదలకు ప్రభుత్వ ఆరోగ్య పథకం కింద వైద్యం అందుతుంది. అయినా వెల్దుర్తిలో మాచర్ల బస్సెక్కినావిడ గుంటూరు చేరుతుందని నమ్మకం లేదు. చీటీ రాసిచ్చి పని అయిపోయిందనుకోకండి. ముక్క పరీక్ష రిపోర్టు వచ్చేదాకా వెంటపడండి. ఫోను కొడుకు దగ్గర ఉంటుంది, అతను పొలంలో ఉంటాడు. ఆశా కార్యకర్త నంబరు కూడా రాసుకోండి.