సుఖాంతంపై హక్కు: నల్లజాతి ప్రేమ నవలలూ, ఏజెన్సీ పాఠకురాలూ

ప్రేమ నవలను తెలుగు విమర్శ చాలాకాలం మధ్యాహ్నపు కాలక్షేపంగానే లెక్కగట్టింది గనుక, ఒక సాహిత్య సదస్సు అధ్యక్షోపన్యాసానికి అది తగిన విషయమేనా అన్న సందేహం సభలో కొందరికైనా కలగవచ్చు. ఆ సందేహానికి జవాబు సదస్సు జరుగుతున్న చోటులోనే ఉంది. ఏటా శ్రీరామనవమి నాడు లక్షలాది భక్తుల సమక్షంలో సీతారాముల కల్యాణం జరిగే భద్రాచలం చుట్టుపక్కల కోయ, కొండరెడ్డి గూడేలున్నాయి. ఆ గూడేల్లో పుట్టిన ఇద్దరు ఒకరినొకరు కోరుకొని, చిక్కులు దాటి, చివరికి సుఖంగా కాపురం చేసుకున్నట్టు రాసిన తెలుగు నవల పేరు చెప్పమంటే బాగా చదివినవాళ్లు సైతం తడుముకుంటారు. ఇటువంటి లోటునే మరో ఖండంలో గుర్తించి, నలభై ఏళ్లకు పైగా పూడుస్తూ వచ్చిన రచయిత్రులు ఉన్నారు. వాళ్ల చేత పట్టుబట్టి రాయించుకున్న పాఠకురాళ్లు అంతకంటే ముఖ్యులు. ఆ పాఠకురాళ్ల అభిప్రాయాలను గోదావరి ఒడ్డున, అడవి అంచున పరిశీలించడం ఈ ఉపన్యాసం ఉద్దేశం.

ప్రేమ నవల అన్న మాటను అమెరికా ప్రచురణరంగం ఒక కచ్చితమైన అర్థంలో వాడుతుంది. ఇద్దరి ప్రేమే కథకు కేంద్రం కావాలి, ముగింపు చదివినవారికి తృప్తినీ ఆశనూ ఇవ్వాలి. రెండో షరతు తప్పితే అది ప్రేమను గురించిన నవల అవుతుందే తప్ప ప్రేమ నవల కాదు. ఈ షరతులకు లోబడి, నల్లజాతి స్త్రీని నాయికగా నిలిపి, నల్లజాతి రచయిత్రులే రాస్తున్న నవలలను ఇక్కడ నల్లజాతి ప్రేమ నవలలు అనడం జరిగింది. ఎల్సీ వాషింగ్టన్ అనే పాత్రికేయురాలు రోజలిండ్ వెల్స్ అన్న కలం పేరుతో 1980లో వెలువరించిన 'ఎంట్వైన్డ్ డెస్టినీస్' ఆధునిక కాలపు కథలలో మొదటిదిగా పేరు పొందింది. దాన్ని వెలుగులోకి తెచ్చినది డెల్ సంస్థలో సంపాదకురాలిగా ఉన్న నల్లజాతి మహిళ వివియన్ స్టీఫెన్స్; అదే ఏడు అమెరికా ప్రేమ నవలా రచయితల సంఘాన్ని స్థాపించినవారిలోనూ ఆమె ఉన్నారు. ఆ తరువాత పన్నెండేళ్లకు టెర్రీ మెక్‌మిలన్ 'వెయిటింగ్ టు ఎగ్జేల్' విపరీతంగా అమ్ముడుపోయి, నల్లజాతి స్త్రీలు పుస్తకాలు కొనరన్న ప్రచురణకర్తల నమ్మకాన్ని వమ్ము చేసింది. 1994లో అరబెస్క్ అన్న ప్రత్యేక శ్రేణి మొదలైంది. అయినా ఆ రచయితల సంఘం అప్పట్లో ఇస్తూ వచ్చిన ప్రధాన పురస్కారం 2019 దాకా ఒక్క నల్లజాతి రచయిత్రికీ దక్కలేదు. ఆ సంఘానికి పునాది వేసినవారిలో నల్లజాతి మహిళ ఉన్నా, దాని పురస్కారం ఆ జాతి రచయిత్రుల చేతికి రావడానికి దాదాపు నలభై ఏళ్లు పట్టడం ఆ రంగం తనంత తాను సమాధానం చెప్పుకోవలసిన విషయం.

ఈ నవలలు ఏం చేశాయో తెలియడానికి బెవర్లీ జెంకిన్స్‌ను కాస్త నిదానంగా చదవాలి. గ్రంథాలయంలో పనిచేసిన ఈ రచయిత్రి మొదటి నవల 'నైట్ సాంగ్' 1994లో వచ్చింది. బానిసత్వం రద్దయ్యాక దక్షిణాది నుంచి తరలివెళ్లిన నల్లవారు కాన్సాస్ మైదానాల్లో కట్టుకున్న ఊరు దానికి రంగస్థలం. నాయిక ఆ ఊరి బడిపంతులమ్మ, నాయకుడు నల్లజాతి అశ్వికదళంలో సార్జెంటు. రెండేళ్ల తరువాత వచ్చిన 'ఇండిగో' ఇంకా లోతైనది. అందులోని నాయిక హెస్టర్ చిన్నతనంలో నీలిమందు తోటల్లో బానిసగా పనిచేసినందువల్ల ఆమె చేతులకు, పాదాలకు ఆ రంగు శాశ్వతంగా అంటుకుపోయింది. స్వేచ్ఛ దొరికి, సొంత ఇల్లు ఏర్పడి, పారిపోయి వచ్చే బానిసలకు ఆశ్రయమిచ్చేంత ధైర్యం వచ్చినా ఆమె ఆ చేతులను నలుగురి కంటబడనివ్వదు. కథానాయకుడు ఆ చేతులను చూసి జాలిపడడు, ఆమెను ఉద్ధరిస్తున్నానని అనుకోడు. ఆమెలో దేన్ని ప్రేమించాడో దానిలో ఆ రంగు కూడా భాగమే. బానిసత్వపు గుర్తు ప్రేమలో మాసిపోదు, మాయమూ కాదు, కానీ అదొక్కటే ఆమె గురించి చెప్పగలిగిన మాట కాకుండా పోతుంది. చరిత్ర పుస్తకం ఈ పని చేయలేదు. జెంకిన్స్ మాత్రం చరిత్రను వదలకుండానే ఈ పని చేశారు. నవల చివర ఆధార గ్రంథాల పట్టిక ఇవ్వడం ఆమెకు అలవాటు.

ఏప్రిల్, మే నెలల ఎండల్లో తెల్లవారుజామునే అడవికి వెళ్లి తునికాకు కోసి, మధ్యాహ్నం నీడపట్టున కూర్చుని యాభై ఆకులకొక కట్ట కట్టి, సాయంత్రానికి కల్లం దగ్గర కల్లేదారుకు లెక్క అప్పజెప్పే కోయ స్త్రీ చేతులు హెస్టర్ చేతులవంటివే. తెలుగు కథ ఆ చేతులను చూడలేదనలేము. చూసింది, కట్టకు ధర చాలదని రాసింది, ధర పెంచాలన్న పోరాటాన్నీ రాసింది. ఆ చేతిని ప్రేమతో పట్టుకున్న మనిషిని గురించి మాత్రం రాయలేదు.

నల్లజాతి పాఠకురాళ్ల అభిప్రాయాల్లో పదేపదే వినిపించే మాట సరిగ్గా ఇదే. తమ జీవితాలను గురించిన మంచి సాహిత్యమంటే బాధల సాహిత్యమేనన్న ఊహను వాళ్లు ఒప్పుకోరు. కొరడా దెబ్బలు, వలస, పోలీసు తుపాకీ అన్నీ నిజమే అయినా, ఆ నిజాల మధ్యనే మనుషులు ఒకరి కోసం ఒకరు ముస్తాబయ్యారు, అలిగారు, పెళ్లాడారు, పిల్లల్ని కన్నారు అన్నది కూడా అంతే నిజమని వాళ్ల వాదన. కెనెడీ రయన్ 2022లో రాసిన 'బిఫోర్ ఐ లెట్ గో'లో విడాకులు తీసుకున్న భార్యాభర్తలు బిడ్డను పోగొట్టుకున్న దుఃఖంలోంచి, మానసిక వైద్యం సాయంతో, మళ్లీ దగ్గరవుతారు. బ్రిటిష్ రచయిత్రి తాలియా హిబ్బర్ట్ నాయిక క్లోయీ బ్రౌన్ వదలని ఒంటినొప్పుల జబ్బుతో బతుకుతూనే ప్రేమిస్తుంది. దుఃఖం ఉండకూడదని ఈ పాఠకురాళ్లు అనడం లేదు, దుఃఖానిదే చివరి మాట కాకూడదని అంటున్నారు. వాళ్లలో వాళ్లకు ఏకాభిప్రాయం లేని విషయమూ ఉంది. కథానాయకుడు కోటీశ్వరుడు కావాలా, బస్సు నడిపేవాడైనా సరిపోతుందా అన్నదానిపై వాదన తెగదు. కూడబెట్టుకునే అవకాశమే దొరకని జాతికి సంపద కలగనే హక్కు ఉందని ఒక పక్షం, సామాన్యుణ్ణి ప్రేమించదగినవాడిగా చూపించడమే అసలైన సాహసమని మరో పక్షం. రెండో పక్షం వైపే న్యాయం ఎక్కువగా కనిపిస్తుంది, ఎందుకంటే బంగళా, కారు కథకు చేసిపెట్టే పనిని సామాన్యుడి కథలో రచయిత్రి గుణచిత్రణతో చేయవలసి ఉంటుంది.

ఆ బంగళా, ఆ కారు తెలుగు పాఠకులకు కొత్తవి కావు. 1960లలో యద్దనపూడి సులోచనారాణి 'సెక్రటరీ'తో మొదలుపెట్టి నిర్మించిన ప్రేమ నవలా ప్రపంచం వారపత్రికల ద్వారా, ఎమెస్కో పాకెట్ పుస్తకాల ద్వారా, అద్దె లైబ్రరీల ద్వారా ఖమ్మం, కొత్తగూడెం వంటి ఊళ్ల ఇళ్లలోకి చేరి, వేలాది స్త్రీలకు చదివే అలవాటు నేర్పింది. ఆ మేలును విమర్శకులు ఇప్పటికీ తగినంతగా ఒప్పుకోలేదు. 'సెక్రటరీ' నాయిక జయంతి ఆత్మాభిమానం ఒక తరం ఆడపిల్లలకు నిటారుగా నిలబడడం నేర్పింది. అయితే ఆ ఆత్మాభిమానం పేదరికం మీదే గాని కులం మీద గెలవవలసిన అవసరం ఆ కథాలోకంలో రాలేదు. అక్కడ కులం పేరెత్తరు, ఎత్తకపోవడం వల్లనే అది ఎవరి ఇల్లో తెలిసిపోతుంది. కులం పేరెత్తిన రచనల్లో ప్రేమకు వేరే బాధ్యత అప్పజెప్పారు. 1922 నాటి ఉన్నవ లక్ష్మీనారాయణ 'మాలపల్లి'లో దళిత కుటుంబానికి మహోన్నత స్థానం ఉన్నా ఆ ఇంటి పిల్లల వలపు విషాదంలోనే ముగిసింది. 1938లో గూడవల్లి రామబ్రహ్మం తీసిన 'మాలపిల్ల' సినిమాలో ప్రేమ గెలిచింది గాని, అది బ్రాహ్మణ యువకుడి సంస్కారానికి పరీక్షగా గెలిచింది. రంగనాయకమ్మ 'బలిపీఠం'లో దళిత యువకుడు, బ్రాహ్మణ వితంతువు పెళ్లాడాక ఆ పెళ్లే బలిపీఠమైంది. ఇవన్నీ గొప్ప ప్రయత్నాలే. వీటిలో ప్రేమికులు ఒక సమస్యకు ఉదాహరణలుగా నిలిచారు. ఇద్దరు దళితులు ఏ సమస్యకూ ఉదాహరణలు కాకుండా, కేవలం ఒకరి మీద ఒకరికి ఉన్న మోజు కొద్దీ పేజీల కొద్దీ మాట్లాడుకునే అవకాశం మాత్రం వీటిలో లేదు.

గోగు శ్యామల సంపాదకత్వంలో 2003లో వచ్చిన దళిత స్త్రీల సాహిత్య సంకలనం 'నల్లపొద్దు', ఆ తరువాత జూపాక సుభద్రతో కలిసి వెలువరించిన 'నల్లరేగటి సాల్లు', జాజుల గౌరి 'మన్నుబువ్వ' తెలుగు సాహిత్యానికి మునుపు లేని గొంతును ఇచ్చాయి. ఆకలి, వెట్టి, బడిలో అవమానం, ఊరికీ వాడకూ మధ్య దూరం ముందుగా చెప్పవలసిన విషయాలు గనుక ఆ రచయిత్రులు వాటినే ముందు చెప్పారు. అమెరికాలోనూ వరస అదే: బానిసల ఆత్మకథలు ముందు వచ్చాయి, ప్రేమ నవల చాలా వెనుక వచ్చింది. వెనుక వచ్చినంత మాత్రాన అది తక్కువది కాదు.

ఇక ఈ అడవి సరిహద్దు సంగతి. ఈ సీమను ప్రేమకావ్యంగా మలిచిన ప్రసిద్ధ రచన విశ్వనాథ సత్యనారాయణ 'కిన్నెరసాని పాటలు'. అత్త ఆరడికి తాళలేక ఇల్లు వదిలిన కోడలు వాగై ప్రవహించడం, భర్త కొండగా మారి నిలిచిపోవడం అందులో ఇతివృత్తం. ఆ పాటల అందాన్ని కాదనేవారుండరు. కాని పాల్వంచ అడవుల్లోంచి వచ్చి భద్రాచలం సమీపంలో గోదావరిని చేరే ఆ వాగు పొడవునా కోయ గూడేలున్నాయి. పాటల్లోని కిన్నెర మాత్రం తెలుగింటి కోడలు. తరువాతి కాలపు కథలూ సినిమాలూ అడవిలోకి నేరుగా వచ్చాయి. వచ్చినవాటిలో తరచుగా కథానాయకుడు మైదానం నుంచి ఉద్యోగం మీద వచ్చిన ఇంజనీరో, అటవీ అధికారో. నాయిక లోకం తెలియని అడవిపిల్ల.

ఈ ఇతివృత్తాన్ని మైదానపు పాఠకులు ముచ్చటగా చదవవచ్చు, ఏజెన్సీ పాఠకురాలు అలా చదవలేదు. ఏజెన్సీ అంటే రాజ్యాంగం ఐదో షెడ్యూలు కింద గిరిజన రక్షణ కోసం ప్రకటించిన ప్రాంతం. అక్కడి భూమి గిరిజనేతరుల చేతికి పోకుండా 1959లో చేసిన నిబంధనలను 1970లో మరింత కట్టుదిట్టం చేశారు. జనం వాడుకలో అది వన్ ఆఫ్ సెవెంటీ చట్టం. ఆ చట్టాన్ని తప్పించుకోవడానికి దొరికిన దారుల్లో పెళ్లి ఒకటి. గిరిజన స్త్రీని పెళ్లాడి, లేదా పెళ్లాడానని చెప్పి, ఆమె పేరిట భూమి పెట్టి, సాగూ పెత్తనమూ తన చేతిలో ఉంచుకున్న గిరిజనేతరుల సంగతి ఈ ప్రాంతంలో ఎవరికీ కొత్త కాదు. కాబట్టి మైదానం నుంచి వచ్చినవాడు గూడెం పిల్ల వంక ప్రేమగా చూశాడని రాసిన వాక్యాన్ని ఇక్కడి పాఠకురాలు చదివినప్పుడు, ఆ చూపు తన మీద నిలిచిందా, తన పేరిట రాయగలిగిన ఎకరాల మీద నిలిచిందా అని అడుగుతుంది. అలా అడగడం మనసు లేకపోవడం కాదు. ప్రేమ నవలకు అవసరమైన నమ్మకం ఆ ప్రశ్నకు జవాబు దొరికిన తరువాతనే పుడుతుంది గనుక, ఆ ప్రశ్నను కథలోకి తీసుకోని రచన ఎంత అందంగా ఉన్నా ఇక్కడ నిలవదు.

ప్రేమ నవలను నడిపేది అడ్డంకి, అంటే ఇద్దరినీ కలవనివ్వని కారణం. మైదానపు కథల్లో అది చాలావరకు తల్లిదండ్రుల నిరాకరణ, పరువు. కోయ, కొండరెడ్డి సమాజాల్లో అబ్బాయీ అమ్మాయీ ఇష్టపడి లేచిపోవడం కూడా పెళ్లికి ఒక దారే. కులపెద్దలు కూర్చుని తప్పు వేస్తారు, ఓలి మాట్లాడతారు, విందు పెట్టించి ఒప్పుకుంటారు. విడిపోయిన స్త్రీ, భర్త పోయిన స్త్రీ మళ్లీ పెళ్లాడడం అక్కడ విప్లవం కాదు. మైదానపు కథను పేర్లు మార్చి ఇక్కడికి తెస్తే అందులోని కన్నీళ్లకు కారణమే ఉండదు. ఇక్కడి అడ్డంకులు వేరు. కోయలు గట్లుగా విడివడి ఉంటారు. గట్టు అంటే ఒకే మూలం నుంచి వచ్చామని భావించే ఇంటిపేర్ల సమూహం, ఒకే గట్టువాళ్లు అన్నాచెల్లెళ్ల వరస. ఆశ్రమ పాఠశాలలోనో, పట్నం కాలేజీలోనో ఇంటిపేరు అడగకుండానే ఇష్టపడిన ఇద్దరికి తమది ఒకే గట్టని ఆలస్యంగా తెలియడం కథకు చాలినంత చిక్కు. 2014లో పోలవరం ప్రాజెక్టు ముంపు కారణంగా ఇక్కడి కొన్ని మండలాలు ఆంధ్రప్రదేశ్‌లో కలిశాక, భద్రాచలం దాటగానే వచ్చే ఎటపాక మరో రాష్ట్రమైంది. మేనమామ ఇల్లు ఒక రాష్ట్రంలో, మేనకోడలి ఇల్లు మరో రాష్ట్రంలో ఉన్నప్పుడు, ఒక వైపు ఊరే మునిగి పునరావాస కాలనీకి తరలిపోయినప్పుడు, వరస కుదిరినవాళ్ల మధ్య కూడా ఎడబాటు వస్తుంది. ఇంత సామగ్రి చేతికందే దూరంలో ఉండగా విలన్ల కోసం వెతకవలసిన పని నవలాకారులకు లేదు.

ఈ నవల ఎవరు చదువుతారన్న ప్రశ్నకు సమాధానం ఇప్పటికే తయారుగా ఉంది. గురుకులాల్లో, ఆశ్రమ పాఠశాలల్లో చదువుకుని వచ్చిన యువతులు ప్రతిలిపి వంటి చోట్ల ధారావాహికలను ఫోన్లో చదువుతున్నారు. వాళ్లు చదివే కథల్లో నాయిక మేనిఛాయ ఇంకా పచ్చని పసిమిగానే ఉంటోంది. ఆ పాఠకురాళ్లలోంచే రచయిత్రులు రావాలి, రాగానే వాళ్లను ఉద్యమ సాహిత్యం రాయలేదని నిలదీయకుండా ఉండడం విమర్శకుల బాధ్యత. నాయికా నాయకులు ఒంటరిగా ఉన్నప్పుడు కోయభాషలో మాట్లాడుకోవడం, ఆ మాటలు తెలుగు లిపిలోనే అచ్చుకావడం కూడా సాధ్యం కావాలి. తల్లిభాషలో పలకని వలపు సగం దాచుకున్న వలపే.

చివరి అధ్యాయంలో ఏముండాలన్న దానిపై కూడా అమెరికా నవలల నుంచి అరువు తెచ్చుకోవలసిన పని లేదు. 2006 నాటి అటవీ హక్కుల చట్టం ప్రకారం, పోడు చేసుకునేవారికి ఇచ్చే హక్కుపత్రం వివాహితుల విషయంలో భార్యాభర్తలిద్దరి పేరిటా ఉమ్మడిగా నమోదు కావాలి. ఈ సరిహద్దులో రాయబోయే ప్రేమ నవల పెళ్లిపందిరి దగ్గర ఆగిపోతే ఏజెన్సీ పాఠకురాలికి కథ సగంలో ఆగినట్టే ఉంటుంది. ఆ హక్కుపత్రం మీద ఎవరెవరి పేర్లున్నాయో చూపించినప్పుడే ఆమె పుస్తకం మూస్తుంది.