చెక్కపనికి ముదురు రంగు



ఇంటికి రంగులు వేయించేటప్పుడు మన ఆలోచనంతా గోడల చుట్టూనే తిరుగుతుంది. తలుపులు, ద్వారబంధాలు, కిటికీలు మేస్త్రీ ఇష్టానికి వదిలేస్తాం. కిందటిసారి నేను అలా వదల్లేదు. తెల్ల తలుపుల మీద పిల్లల నూనెచేతుల మరకలు తుడవలేక విసిగిపోయి, చెక్క అన్నదానికల్లా ముదురు చాక్లెట్ రంగు వేయించేశాను.

మొదటిరోజు ఎంత ముచ్చటగా ఉందో! మీగడ రంగు గోడల మధ్య మా తలుపులు అచ్చం టేకు తలుపుల్లా కనిపించాయి. మావి వేపచెక్కవి లెండి.

మూడోరోజు తెల్లవారుజామున మా అత్తగారు వంటింటి గడప తట్టుకుని పడ్డారు. కాలు బెణకడంతో సరిపోయింది, అదే పదివేలు. "గడప ఎక్కడుందో కనబడితే కదుటే!" అన్నారావిడ. నిజమే. ఎర్ర గచ్చు, దాని పక్కన ముదురు గడప. పెద్దవాళ్ల కళ్లకు రెండూ ఒకటిగానే తోస్తాయి. ఆ సాయంత్రమే గడపకు పసుపుపచ్చ ఎనామిల్ వేయించాను. గడపకు పసుపు రాసేది లక్ష్మీకళ కోసమే అనుకునేదాన్ని. మసక వెలుతురులో కాలికి దారి కూడా చూపుతుందని అప్పుడు తెలిసింది.

రెండో పొరపాటు కిటికీ. మా ముందుగదికి ఉన్నది ఒక్కటే. బయట ఎండ, చుట్టూ నల్లటి చట్రం. అటు చూస్తే కళ్లు జిగేలుమనేవి, గదిలో మాత్రం మసకే. బియ్యం ఏరుకోవాలన్నా పగలే లైటు వేయాల్సివచ్చింది. చివరికి చట్రం లోపలివైపు, గోడ మందంలో పడే పక్కలు తెల్లగా మార్పించాను. గది తేటపడింది.

అయితే ముదురు రంగే వద్దంటారా అంటే, అననండీ. చేతులు పడే తలుపులకు, తడిగుడ్డ తగిలే గోడ అడుగుపట్టీకి అంతకుమించింది లేదు. వీధివైపు తలుపుకు మాత్రం ఆలోచించండి. ఎండకు ముదురు రంగు బాగా వేడెక్కుతుంది, త్వరగా వెలిసి పగుళ్లిస్తుంది. దుమ్ము కూడా ఇట్టే కనబడుతుంది. బాగా మెరిసే రకం వేస్తే చెక్కలోని ప్రతి గుంటా బయటపడుతుంది కనుక సగం మెరుపుది అడగండి.

వానాకాలంలో ఈ పని పెట్టుకోకండి. చెక్క ఉబ్బి ఉంటుంది, రంగు ఆరదు. లప్పం పెట్టి, ఉప్పుకాగితంతో రుద్ది, ఒక పూతకూ మరో పూతకూ మధ్య రాత్రంతా ఆరనివ్వాలి. ఒక్కమాట మరవకండి. ఇంటి రంగుల్లో సీసం పది లక్షల పాళ్లకు 90 పాళ్లు మించరాదన్న నియమం మన దేశంలో అమలైంది 2017 నవంబరులో. అంతకు ముందు వేసిన పూతల్లో అది ఎక్కువగా ఉండవచ్చు. వాటిని పొడిగా గీకనివ్వకండి, తడిపి రుద్దమనండి. ఆ సమయంలో పసిపిల్లల్నీ, కడుపుతో ఉన్నవాళ్లనీ ఆ గదిలోకి రానివ్వకండి.

ముందు ఒక చిన్న డబ్బా తెచ్చి ఒక రెక్కకే వేయించి, పగలొకసారి, దీపాలు పెట్టాక ఒకసారి చూసుకోండి. ఇంట్లో పెద్దవాళ్లుంటే వాళ్లనీ పిలిచి చూపించండి.

ఉంటాను మరి.