మా బ్యాండు పేరు ‘డిస్కౌంట్ బాయ్స్’

 

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! “అన్నా, మీ ఆర్కెస్ట్రా ముచ్చట్లు చెప్పు, పోరగాళ్లు నవ్వుతరు” అని సంఘం వాళ్లు నన్ను పిలిచారు. నవ్వండి. నవ్వాల్సినవే ఎక్కువ.

1991లో ఉట్నూర్‌లో మేం అయిదుగురం కలిసి ఆర్కెస్ట్రా పెట్టాం. ఒక క్యాసియో, ఒక గిటారు, పాత డ్రమ్ సెట్టు, రెండు మైకులు. పేరు కోసం మూడు రోజులు కొట్లాడుకుని ‘డిస్కో బాయ్స్’ అని తేల్చాం. డ్రమ్ము మీద రాయమని పెయింటర్‌కు నోటితో చెప్పి చాయ తాగడానికి పోయాం. వచ్చేసరికి ఎర్ర రంగుతో ‘డిస్కౌంట్ బాయ్స్’ అని రాసి ఉంది. చెరిపి మళ్లీ రాయడానికి ఇరవై రూపాయలు అడిగాడు. మా దగ్గర లేవు. ఆ తర్వాత అయిదేండ్లు ఏ పెండ్లికి పోయినా బేరం అక్కడి నుంచే మొదలయ్యేది. “పేర్లనే ఉన్నది కదా, తగ్గించుండ్రి!”

వింత పేర్లు మాకే కాదు. బీటిల్స్ అంటే వినడానికి పురుగు పేరే. అందులో ఒక్క అక్షరం మార్చి దరువు అనే అర్థమొచ్చే ‘బీట్’ను ఇరికించారు. వాళ్లు కూడా 1960లో జర్మనీలోని హాంబర్గ్ క్లబ్బుల్లో రాత్రిళ్లు ఎక్కువగా వేరేవాళ్ల పాటలే వాయించారు. కేరళలో ఒక రాక్ బ్యాండు పేరు అవియల్. అంటే వాళ్లు ఇంట్లో వండుకునే కలగూర! పాడేది మలయాళంలోనే. వాళ్లింటి కూర పేరు వాళ్లకు నామోషీ అనిపించలేదు.

మాకు అనిపించింది. మా డ్రమ్మర్ ప్రధాన్ల ఇంటి పిలగాడు. వాళ్ల నాయన పెప్రె ఊదేవాడు, కీక్రి వాయిస్తూ కథలు చెప్పేవాడు. పేరు పెట్టే రోజు వీడు మెల్లగా “పెప్రె పార్టీ అందామా?” అన్నాడు. మేం పడీపడీ నవ్వాం. అందరికంటే ఎక్కువ నవ్వింది నేనే.

మేం వాయించేవన్నీ సినిమా పాటలే. ‘జగదేకవీరుడు అతిలోకసుందరి’లో ఇళయరాజా అన్ని వయొలిన్లతో చేయించింది మా క్యాసియో ఆయన రెండు వేళ్లతో లాగించేవాడు. మాటల కోసం బస్టాండులో పాటల పుస్తకం కొనేవాళ్లం. బాణీ కోసం క్యాసెట్ వెనక్కి తిప్పి తిప్పి వినేవాళ్లం. బ్యాటరీలు అయిపోతాయని పెన్సిల్ పెట్టి చేత్తోనే తిప్పేవాళ్లం.

ఒక పెండ్లిలో నాలుగో పాట మధ్యలో కరెంటు పోయింది. క్యాసియో మూగబోయింది, మైకు పోయింది. నేను మాత్రం కళ్లు మూసుకుని ఇంకా పాడుతూనే ఉన్నాను. ముందు వరుస వాళ్లకు కూడా వినిపించలేదట. డ్రమ్మర్ ఒక్కడే ఆపలేదు. చీకట్లో పందిరి పక్క నుంచి వాళ్ల నాయన పెప్రె అందుకున్నాడు. డోల్ వాళ్లు కలిశారు. అప్పటిదాకా కుర్చీల్లో కూర్చుని మమ్మల్ని చూస్తున్న ముసలమ్మలు లేచి వరుస కట్టారు. కరెంటు వచ్చింది. మమ్మల్ని పాడమని ఎవరూ అడగలేదు. చదివింపులన్నీ ఆ పెద్దాయనకే పడ్డాయి. మాకు అన్నం పెట్టారు, అది మాత్రం డిస్కౌంట్ లేకుండా.

ఆ రాత్రి మా టేప్‌రికార్డర్‌లో ఆ పెప్రెను ఒక పక్క నిండా పట్టుకున్నాం. సరదాకే. మళ్లీ నెలకు ఇంకో పెండ్లి ఒప్పుకున్నాం, కొత్త పాట నేర్చుకోవాలి. ఖాళీ క్యాసెట్ లేదు. ఆ పెప్రె మీదనే సినిమా పాటలు ఎక్కించాం. బటన్ నొక్కింది నేనే. డ్రమ్మర్ పక్కనే ఉన్నాడు, ఏమీ అనలేదు.

పెద్దాయన 2004లో పోయాడు. మర్లవాయి కనకరాజు గారికి 2021లో గుస్సాడీకి పద్మశ్రీ వచ్చిందని విన్నప్పుడు మా అయిదుగురిలో ముగ్గురం కలిశాం. సంబురంగానే మొదలైంది. మాటల్లో పెండ్లికొక వరుస, దండారికొక వరుస అని పెప్రె సంగతి వచ్చింది. ఏ సినిమా పాటైనా ఒక్కసారి వింటే వాయించే మా డ్రమ్మర్ అప్పుడు చెప్పాడు, వాళ్ల నాయన వరుస ఒక్కటి కూడా తనకు పూర్తిగా రాదని.

ఇంటికొచ్చి ఆ క్యాసెట్ వెతికాను. అటక మీద దొరికింది. సినిమా పాటలు అయిపోయాక, టేపు ఆగిపోయే లోపల నలభై సెకన్లు మిగిలింది. మధ్యలో ఎవరిదో దగ్గు, ఒక కుక్క మొరుగు, వాటి వెనక పెప్రె.

దాన్ని ఫోన్‌లోకి ఎక్కించాను. మీ అందరికీ పంపిస్తాను. ఇంట్లో తాతలకు, అమ్మమ్మలకు వినిపించండి. ఇది ఏ వరుసో, దీనికి ముందు ఏముంటుందో ఎవరైనా గుర్తుపడితే మా డ్రమ్మర్‌కు చెప్పండి. అదిగో, వెనక కుర్చీలో తల వంచుకుని కూర్చున్నాడు. పోయిన దండారికి కొత్త పెప్రె కొనుక్కున్నాడు. ఇంకా ఊదితే గాలే వస్తోంది, నాకు చెప్పొద్దన్నాడు, చెప్పేశాను.

సౌండ్ తమ్ముడూ, పెట్టు.