దావీదు ఇంటి మాట, మన ఇంటి వీలునామా

ఈ దినము మన ధ్యానము కొరకు రాజుల మొదటి గ్రంథము 1వ అధ్యాయము తెరచి ఉంచుకొనండి.

దావీదు బహు వృద్ధుడయ్యాడు. మంచం మీద ఉన్నాడు. అదే అదనుగా కుమారుడైన అదోనీయా రథాలు, రౌతులు సమకూర్చుకొని, ఏన్‌రోగేలు దగ్గర విందు చేసి తానే రాజునన్నాడు. మరి రాజ్యము సొలొమోనుకని దావీదు బత్షెబకు ప్రమాణం చేశాడు కదా? చేశాడు. కాని ఆ మాట ఇంటిలోనే ఉండిపోయింది. నాతాను, బత్షెబ లోపలికి వెళ్ళి గుర్తు చేస్తే గాని బయటపడలేదు. రాజు ప్రాణంతో ఉన్నాడు గనుక సరిపోయింది. వారం ఆలస్యమై ఉంటే?

పల్నాటివారికి ఇటువంటి సంగతి కొత్త కాదు. 12వ శతాబ్దంలో అనుగురాజు తరువాత ఆయన కుమారులు, సవతి సోదరులు, గురజాలలో నలగామరాజు, మాచర్లలో మలిదేవుడు అయ్యారు. పంపకంతో మొదలైన వైరం కోడిపందెం మీదుగా కారంపూడి రణరంగం దాకా పోయింది. ఈనాటికీ కార్తీక మాసంలో అక్కడ ఆ వీరులను తలచుకుంటారు. మనకున్నది ఎకరం మిరపచేను, రెండు గదుల ఇల్లే కదా అనుకోవద్దు. చిన్న ఆస్తి దగ్గరే పంతాలు ఎక్కువ.

"మా పిల్లలు మంచివాళ్ళు పాస్టరుగారూ, వాళ్ళే చూసుకుంటారు" అంటారు చాలామంది. మంచిది. అయితే వీలునామా లేకుండా కన్నుమూస్తే మన క్రైస్తవులకు 1925 నాటి భారత వారసత్వ చట్టము వర్తిస్తుంది. భార్యాపిల్లలు ఉంటే భార్యకు మూడో వంతు, మిగతా రెండు వంతులు పిల్లలకు సమానంగా. కూతురుకూ కొడుకుతో సమానమే. కట్నమిచ్చి పంపాము కదా అంటే చట్టం వినదు. సెలోపెహాదు కుమార్తెలు మోషే యెదుట నిలిచి అడిగినది ఇదే గదా! పిల్లలు లేకపోతే భార్యకు సగమే, మిగతా సగం భర్త తండ్రికి. ఆయన లేకపోతే తల్లికి, తోబుట్టువులకు.

ఇక్కడ నా మనసు కలుక్కుమనే సంగతి ఒకటుంది. పిల్లలున్న కొడుకు వీలునామా లేకుండా చనిపోతే, అతని తల్లికి ఆ ఆస్తిలో చట్టప్రకారం ఏమీ రాదు. అతని నీడనే బ్రతుకుతున్న ముసలి తల్లికి కూడా. ప్రభువు సిలువ మీద శ్రమపడుతూ తన తల్లిని యోహానుకు అప్పగించాడు. బిడ్డలు చూస్తారులే అని ఊరుకోలేదు.

వీలునామా వ్రాయడం కష్టమేమీ కాదు. తెల్లకాగితం చాలు, స్టాంపు కాగితం అక్కరలేదు. 18 ఏండ్లు నిండి, తెలివి స్థిరంగా ఉన్నవారెవరైనా వ్రాయవచ్చు. చదువురాని తల్లి వేలిముద్ర వేయవచ్చు. ఇద్దరు సాక్షులు మీరు సంతకం చేయడం చూడాలి, లేదా అది మీదేనని మీ నోట వినాలి. తరువాత మీ యెదుట వారు సంతకం చేయాలి. ఒక జాగ్రత్త: ఆస్తి పొందేవారిని, వారి భార్యను లేక భర్తను సాక్షిగా పెట్టవద్దు. వీలునామా నిలుస్తుంది గాని వారికి వ్రాసినది పోతుంది. మీ పాస్టరుకు ఏమైనా వ్రాస్తే ఆయన చేత సాక్షి సంతకం చేయించకండి!

రిజిస్ట్రేషను తప్పనిసరి కాదు. అయినా మీ సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో చేయిస్తే తరువాత అనుమానాలు తగ్గుతాయి. బ్యాంకులో నామినీ పేరు ఉంది కదా అంటారు. బ్యాంకు నామినీ చేతికి డబ్బు ఇస్తుంది, అంతే; అది ఎవరికి చెందాలన్నది వేరే ప్రశ్న. ప్రభుత్వం ఇచ్చిన అసైన్డు భూమికి నియమాలు వేరు, ముందే అడిగి తెలుసుకోండి.

వీలునామా వ్రాస్తే చావు దగ్గరపడుతుందని భయపడే విశ్వాసులూ ఉన్నారు. ఇల్లు చక్కబెట్టుకొమ్మని యెషయా చేత వర్తమానం అందుకున్న హిజ్కియా ఆ తరువాత 15 సంవత్సరాలు బ్రతికాడు.

ఒకసారి వ్రాసి పెట్టెలో పెట్టాము, పని అయిపోయింది అనుకోకండి. మన చట్టంలో వివాహము పాత వీలునామాను రద్దు చేస్తుంది. భార్య పోయిన సహోదరుడు మొదటి పిల్లల పేర వీలునామా వ్రాశాడనుకోండి. రెండేండ్లకు మళ్ళీ పెండ్లి చేసుకున్నాడు. ఆ నిమిషం నుండి ఆ కాగితం చెల్లదు, రిజిస్టరు చేసినా సరే. హిందువులకు ఈ నియమం లేదు గనుక దస్తావేజులు వ్రాసేవారికి ఇది తట్టకపోవచ్చు. మీరే అడగండి. పెండ్లయినా, బిడ్డ పుట్టినా, పొలం అమ్మినా, వీలునామాలో పేరున్నవారు చనిపోయినా, తీసి చదవండి. పాత కాగితం మీద కొట్టివేతలు, దిద్దుబాట్లు చేయకండి. మరల సాక్షుల సంతకాలు లేకపోతే అవి నిలువవు. పాతది రద్దని చెప్పి, తేదీ వేసి కొత్తది వ్రాయండి. అది ఎక్కడుందో ఇంటిలో ఒకరికైనా చెప్పండి. ఇంటిలో పెట్టడానికి సంకోచమైతే సీలు వేసిన కవరులో జిల్లా రిజిస్ట్రారు వద్ద భద్రపరచే ఏర్పాటు కూడా ఉంది.

ప్రార్థించుకుందాము. తండ్రీ, ఈ వేళ వింటున్న వృద్ధులైన తల్లులను, విధవరాండ్రను జ్ఞాపకము చేసికొనుము. గట్టు తగాదాతో మాటలు మానుకున్న అన్నదమ్ములను ఒక చోట కూర్చుండబెట్టుము. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ, ఆమేన్.