ఆంగ్లదేశపు తుపాకి – అమెరికా తుపాకి



పక్షులవేటకై పూర్వము చేయబడిన తుపాకులలో ఆంగ్లదేశపువి మేలా, అమెరికావి మేలా యను వాదము చిరకాలముగా నున్నది. వెల వేరు, గుణము వేరు అని యెరిగిననే గాని యీ వాదము తెగదు.

మొదట ఆంగ్లదేశపు పనితనమును చూతము. లండనులో పర్డీవారి సంస్థ 1814లోను, హాలండువారిది 1835లోను వెలసినవి. అచటి పనివాడు కొనువాని చేతిని, భుజమును కొలిచి, ఆ యొక్కనికే తగినట్లు కొయ్యను చెక్కును. ఇనుపభాగములను ఆకురాయితో నొరసి, నడుమ వెండ్రుకయైనను దూరకుండ పొందించును. ఒక పౌను సీసమును పండ్రెండు సమానమైన గుండ్లుగా చేసినచో, అందొక గుండు పట్టు గొట్టము గలదే పండ్రెండు బోరు తుపాకి. లండనువారు దానిని సుమారు ఆరున్నర పౌనుల బరువుతో చేయుదురు. అది చేతిలో సులువుగా తిరుగును.

అమెరికావారి మార్గము వేరు. వారు యంత్రసహాయమున పెక్కు తుపాకులను చేసి, సామాన్యుడగు రైతునకు సయితము అందుబాటులో నుంచిరి. 1912లో వెలువడిన వించెస్టరు పండ్రెండవ నమూనా సుమారు ఇరువది లక్షలు తయారయ్యెను. అది ఒంటిగొట్టము గలది. బరువైనను మొరటువాడుకకు నిలుచును. కనెక్టికటు రాష్ట్రమున మెరిడెను పట్టణములోని పార్కరు సంస్థవారు చేసిన జంటగొట్టముల తుపాకులు నాణ్యమునకు పేరొందినవి. 1934లో ఆ సంస్థ రెమింగ్టనువారి వశమయ్యెను. ఉత్తమశ్రేణి పార్కరులు మిక్కిలి అరుదగుటచే నేడు లండను తుపాకులకు దీటైన వెల పలుకుచున్నవి. కావున వెలను పెంచునది పనితనమొక్కటియే కాదు, అరుదుతనము కూడ.

ఇక ప్రాణముతో ముడివడిన విషయము. ఆంగ్లదేశమున ప్రతి గొట్టమును అధికమైన మందుతో పేల్చి పరీక్షించి ముద్ర వేయవలెనని శాసనము కలదు. బర్మింగుహాములో ఇందుకై 1813లో పరీక్షాగృహము ఏర్పడెను. అమెరికాలో అట్టి శాసనము లేదు. చేసినవారి పరీక్షయే ప్రమాణము. అయినను ముద్రను చూచి మైమరువరాదు. ఆంగ్లేయుల పాతతుపాకులలో తూటా యుండు గది తరచుగా రెండున్నర అంగుళములే. నేటి తూటాలు పెక్కు రెండుముప్పావు అంగుళములవి. మూతి మడిచియుండుటచే పొడవు తూటా ఆ పొట్టిగదిలో చక్కగా ఇముడును; పేలినప్పుడు మడత విచ్చుకొనుటకు చోటు చాలక లోపలి ఒత్తిడి మితిమీరును. అమెరికా పాతతుపాకులలోను పొట్టిగదులు గలవి కలవు. మరియు ఇనుమును ఉక్కును మెలివెట్టి చేసిన పూర్వపు గొట్టములు నల్లమందుకై ఉద్దేశింపబడినవి. వానిలో నేటి పొగలేని మందును పేల్చుట అపాయకరము.

పేరు గొప్ప, ఊరు దిబ్బ యను సామెత ఇచట తగును. లోపల అరిగి పలుచబడిన గొట్టము గల పర్డీకంటె, దృఢముగా నున్న సామాన్యపు అమెరికా తుపాకియే మేలు. సొగసునకు, చేతివాటమునకు లండనుది. పెట్టిన పైకమునకు తగిన ఉపయోగమునకు అమెరికాది. ఏ దేశపుదైనను, గది పొడవును, గొట్టము మందమును నిపుణునిచే కొలిపించి, పిదపనే తూటాను చేత బట్టుట వివేకుల లక్షణము.